తోటలోకి గుర్రం: కొనేముందు మొహం కాదు, కాళ్ళు చూడండి

ఈమధ్య తోట వేయించుకోడానికి వచ్చినవాళ్ళు ముందు ఫోను తీసి ఒక ఫొటో చూపిస్తున్నారు. పచ్చిక మధ్యలో ముందు కాళ్ళు రెండూ గాల్లోకి ఎత్తిన తెల్ల గుర్రం బొమ్మ. "ఇలాంటిది మా ఇంటి ముందు పెట్టిస్తారాండీ?" పదేళ్ళ కిందట ఇదే ముచ్చటతో బుద్ధుణ్ణి అడిగేవారు. మధ్యలో కొన్నాళ్ళు కొంగల జంట నడిచింది. ఇప్పుడు గుర్రం వంతు.

మాది కడియం పక్కన. చుట్టూ నర్సరీలే, నా పని తోటలు వేసిపెట్టడం. ఏ మొక్క ఎక్కడ బతుకుతుందో చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. బొమ్మల సంగతి మాత్రం నాలుగు విరిగాక నేర్చుకున్నాను. ఆ నాలుగూ విరిగింది ఒక్కచోటే, గిట్టకు కాస్త పైన, చీలమండ దగ్గర.

నంది కూర్చుంటుంది. ఏనుగు కాళ్ళు స్తంభాలు. బుద్ధుడు పద్మాసనం వేశాడంటే భూకంపం వచ్చినా లేవడు. గుర్రం అలా కాదు. పీపా అంత పొట్ట, ముందుకు చాచిన బరువైన మెడా తలా, ఆ భారమంతా మోసేది నాలుగు పుల్లల్లాంటి కాళ్ళు. రాయి, మట్టి, సిమెంటు, ఇత్తడి, ఫైబరు, దేంతో చేసినా శిల్పికి ముందుగా ఎదురయ్యే చిక్కు ఇదే. ఎవరు ఆ చిక్కును ఎలా విప్పారో చూసుకుంటే, ఏ గుర్రం మీ పెరట్లో నిలబడుతుందో, ఏది రెండో వర్షాకాలానికి మోకాళ్ళ మీద పడుతుందో మీకే తెలిసిపోతుంది. ధర, రంగు, పాలిష్ ఆ తర్వాతి మాట.

రాతి గుర్రం

మనవైపు రాయి అంటే ముందుగా గుర్తొచ్చేది నంద్యాల జిల్లా ఆళ్లగడ్డ. తరాలుగా దేవతా విగ్రహాలు చెక్కే కుటుంబాలున్న ఊరు. అక్కడ నల్లరాయిలో గుర్రం కావాలని చెప్తే చెక్కిస్తారు. అయితే ఒకటి. రాయి ఎంత బరువునైనా మోస్తుంది కానీ వంపును, లాగుడును తట్టుకోలేదు. సన్నటి రాతి కాలు మీద పక్క నుంచి చిన్న తోపు పడినా పుటుక్కున తెగుతుంది. అందుకే తెలిసిన శిల్పి పొట్ట కింద, కాళ్ళ మధ్య కొంత రాయిని చెక్కకుండా వదిలేస్తాడు. దాన్నే పొదలాగానో గడ్డిలాగానో మలుస్తాడు.

ఒక రిటైర్డ్ హెడ్‌మాస్టారికి మూడడుగుల నల్లరాతి గుర్రం తెప్పించాను. ఆయన చుట్టూ రెండుసార్లు తిరిగి, కళ్ళజోడు పైకి నెట్టుకుని, "ఏవోయ్, కాళ్ళ సందున ఈ రాయి ఉంచేశాడేంటి? పని అవ్వకుండానే డబ్బు పుచ్చుకున్నాడా?" అన్నారు.

"అది తీసేస్తే గుర్రం పడుకుంటుంది మాస్టారూ."

"పడుకున్న గుర్రాన్ని ఎవడు కొంటాడులే" అని నవ్వి ఊరుకున్నారు గానీ, ఆయన మొహంలో ఆ అనుమానం పోలేదు. తర్వాత శ్రీరంగం వెళ్ళొచ్చి ఆయనే ఫోన్ చేశారు. అక్కడ శేషరాయర్ మండపంలో విజయనగర కాలపు రాతి గుర్రాలు వరసగా లంఘిస్తూ ఉంటాయి. ముందు కాళ్ళు ఎత్తి అంత ఎత్తున నిలబడ్డాయంటే మంత్రం కాదు. ఒక్కో గుర్రమూ తన వెనక ఉన్న స్తంభంతో ఏకశిల, పైగా గిట్టల కింద యోధులూ పులులూ. చూసేవాడికి అది యుద్ధం. శిల్పికి మాత్రం అది గుర్రాన్ని నిలబెట్టే ఊతం. "మీవాడు మోసం చేయలేదోయ్" అన్నారు మాస్టారు.

కాబట్టి రాతిలో ముందు కాళ్ళు ఎత్తిన గుర్రం కావాలని పట్టుబట్టకండి. నాలుగు కాళ్ళూ నేల మీద ఉన్నది, లేదా మెడ వంచి మేస్తున్నది అడగండి. మేసే గుర్రానికి మూతి నేలకు తగులుతుంది కనుక అది ఐదో కాలు అవుతుంది. పచ్చికలో దానికున్న అందం లంఘించే గుర్రానికి రాదు కూడా. ఇది నా ఇష్టం అనుకోండి.

రాయి కొనేటప్పుడు ఒక చెంబు నీళ్ళు అడిగి పుచ్చుకోండి. బొమ్మ మీద, ముఖ్యంగా కాళ్ళ మీద, మెడ మొదట్లో పోసి పక్కన నిలబడండి. ఎండకు పైతడి ఆరిపోతుంది. పగులు ఉన్నచోట నీరు లోపలికి దిగి ఉంటుంది గనుక వెంట్రుకవాసి నల్లగీత ఇంకా తడిగానే కనిపిస్తుంది. విరిగిన ముక్కను జిగురూ రాతిపొడీ కలిపి అతికించి ఉంటే ఆ అతుకు తడిలో వేరే రంగులో తేలుతుంది. పొడిగా ఉన్నప్పుడు మీరు భూతద్దం పెట్టినా దొరకదు. కొన్నిచోట్ల రాయి నలుపు తేలాలని నూనె రాస్తారు. సబ్బునీళ్ళతో ఒక మూల కడిగి చూస్తే అసలు రంగేదో తెలుస్తుంది.

బరువు లెక్క వేసుకోండి. గ్రానైటు ఘనపుటడుగు 75 కిలోల పైమాటే. మూడడుగుల గుర్రం, కింది దిమ్మా, కాళ్ళ మధ్య వదిలిన రాయీ కలిపితే 150 కిలోలకు అటూ ఇటూ తూగుతుంది. ఎత్తు రెండింతలు చేస్తే బరువు రెండింతలు కాదు, ఎనిమిదింతలు అవుతుంది. ఆరడుగులది అడిగిన పెద్దమనిషికి ఈ లెక్క చెప్తే క్రేను అద్దె అడిగి ఊరుకున్నాడు.

పాలరాయి సంగతి వేరు. అదీ, పల్నాడు జిల్లా దుర్గిలో చెక్కే మెత్తని రాయీ సున్నపురాయి కుటుంబమే. పులుపు తగిలితే అది రాయిని తినేస్తుంది. నిమ్మకాయ, చింతపండు, బాత్రూం కడిగే యాసిడ్, ఏదీ దగ్గరికి రాకూడదు. పండగ ముందు "తెల్లగా మెరవాలి" అని పనిమనిషి చేత యాసిడ్ పోయించి, కళ్ళూ ముక్కుపుటాలూ కరిగిన గుర్రాన్ని నేను చూశాను. నీడపట్టున, వరండా అంచున అయితే పాలరాయి సరే. ఆరుబయట కావాలంటే నల్లరాయే.

నల్లరాతికి ఉన్న శత్రువు ఒక్కటే, బోరు నీళ్ళు. స్ప్రింక్లర్ రోజూ తగిలితే ఆ నీటిలోని సున్నం తెల్ల మచ్చలుగా పేరుకుంటుంది. స్ప్రింక్లర్‌ను కాస్త పక్కకు తిప్పండి, అంతే.

మట్టి గుర్రం

నన్నడిగితే తోటకు అన్నిటికన్నా కుదిరే రంగు కాల్చిన మట్టిది. పచ్చని ఆకుల ముందు ఆ ఎరుపు ఎక్కడున్నా కన్ను పట్టేస్తుంది. పెళుసు కదా అంటారు. పెళుసే. అందుకే కుమ్మరి గుర్రాన్ని గుర్రంలా చేయడు, కుండలా చేస్తాడు.

పశ్చిమ బెంగాల్ బాంకుడా జిల్లాలో పాంచ్‌ముడా అనే ఊరుంది. పొడుగు మెడ, నిక్కబొడుచుకున్న చెవులు ఉన్న ఆ ఎర్ర గుర్రాన్ని మీరు ఏదో ఒక హస్తకళల దుకాణంలో చూసే ఉంటారు. 2018లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కాళ్ళు, మెడ, మొహం వేరువేరుగా చక్రం మీద గొట్టాల్లా తీసి, పచ్చిగా ఉండగానే ఒకదానికొకటి అతుకుతారు. చెవులూ తోకా మాత్రం విడిగా చేసి, కాల్చాక రంధ్రాల్లో గుచ్చుతారు. ఆ కాళ్ళకు మోకాలు లేదు, చీలమండ లేదు, తిన్నగా దిగిన నాలుగు గొట్టాలు. నిజం గుర్రానికీ దానికీ పోలిక లేదు. అయినా గుర్రమే అనిపిస్తుంది, పైగా నిలబడుతుంది. చీలమండ లేకపోతే విరగడానికి చోటే లేదు మరి!

తమిళనాడు పల్లెల్లో అయ్యనార్ గుడి ముందు నిలబెట్టే మట్టి గుర్రాలది ఇంకో దారి. మనిషి ఎత్తుకు మించినవి కూడా ఉంటాయి. కొన్నిటికి పొట్ట కింద ఐదో కాలులా ఒక ఊతం కడతారు. చెన్నై దగ్గర దక్షిణచిత్రకు వెళ్తే దగ్గర నుంచి చూడొచ్చు. అవి మొక్కుబడి గుర్రాలు. ఆ పద్ధతిలో కొత్తగా చేయించుకున్నది తోటలో పెట్టుకోవడంలో తప్పు లేదు. గుళ్ళోంచి తెచ్చిన పాతది అని ఎవరైనా అమ్మజూపితే మాత్రం ముట్టుకోకండి. ఎవరి మొక్కో తెచ్చి మన కనకాంబరాల పక్కన పెట్టుకోవడం ఏం బాగుంటుంది?

కుండను కొట్టి చూసినట్టే మట్టి గుర్రాన్నీ కొట్టి చూడాలి. వేలి కణుపుతో పొట్ట మీద, మెడ మీద, ఒక్కో కాలి మీద తట్టండి. బాగా కాలిన మట్టి ఖంగుమంటుంది. అరకాలుదో, లోపల బీట ఉన్నదో బొదబొదమంటుంది. అతుకుల దగ్గర, అంటే కాలు పొట్టలో కలిసేచోట, గోటితో గీరండి. పొడి రాలితే ఆ గుర్రం ఇంట్లో షోకేసుకే.

మట్టి నీళ్ళు పీలుస్తుంది. వర్షం దానికి శత్రువు కాదు. కింద నుంచి ఎక్కే తడే అసలు శత్రువు. తిన్నగా నేల మీద పెడితే మట్టిలోని ఉప్పు తేమతో పాటు కాళ్ళలోకి ఎక్కి, తెల్లగా పూసి, పొరలు పొరలుగా రాలుతుంది. రాతి పలక మీద పెట్టండి, పలక కింద కంకర పోయండి. పాకుడు పడుతుందని వార్నిష్ పూయకండి. లోపలి తడి బయటికి పోలేక ఆ పూతే పెచ్చులూడుతుంది. పూయాలనుకుంటే ఇటుక గోడలకు కొట్టే మెరుపు లేని వాటర్ రిపెల్లెంట్ ఒక చేయి కొట్టించండి. నేనైతే పాకుడును అలాగే వదిలేస్తాను, రెండేళ్ళకు గుర్రం ఆ చోటే పుట్టినట్టు ఉంటుంది.

ఇక మట్టి గుర్రాలను ఎక్కువగా చంపేది వానా కాదు, కోతీ కాదు, గడ్డి కోసే మిషను. గిర్రున తిరిగే ఆ ప్లాస్టిక్ తీగ కాళ్ళకు తగులుతూ తగులుతూ ఒకనాడు కాలు పుటుక్కుమంటుంది. పలక చుట్టూ అడుగు మేర గడ్డి లేకుండా గులకరాళ్ళు పరిపించండి.

అమెరికాలో ఉన్న మనవాళ్ళు కొందరు ఇక్కడి నుంచి మట్టి గుర్రాలు పట్టుకెళ్తుంటారు. న్యూజెర్సీ లాంటి మంచు పడేచోట వాటిని చలికాలం బయట వదిలేయకూడదు. మట్టి పీల్చుకున్న నీరు గడ్డకట్టినప్పుడు దాదాపు 9 శాతం ఉబ్బుతుంది, బొమ్మ లోపలి నుంచే పగులుతుంది. ఆకులు రాలే రోజుల్లోనే లోపల పెట్టేయండి. ఏడాది పొడుగునా బయటే ఉండాలంటే పోత అల్యూమినియం మేలు. తేలిక, తుప్పు పట్టదు. ఇంటి ముందు పెట్టేముందు మీ కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం (హెచ్‌ఓఏ) వాళ్ళ నిబంధనలు ఒకసారి చూసుకోండి, మనకు ముచ్చటైన గుర్రం వాళ్ళకు ముచ్చట కాకపోవచ్చు.

ఫైబరు గుర్రం, గాలి సంగతి

మొదట్లో చెప్పిన ఫొటోలో గుర్రం, నూటికి తొంభై పాళ్ళు, ఫైబరుదే. రెండు కాళ్ళ మీద లేచి, జూలు గాల్లో ఎగురుతూ, తెల్లగా మెరుస్తూ. ఫైబరు ఆ చిక్కును బరువే లేకుండా చేసి విప్పింది. పొట్ట డొల్ల, గోడ మందం నాలుగైదు మిల్లీమీటర్లు, కాళ్ళలోంచి ఇనుప గొట్టం. నిజం గుర్రమంత సైజు బొమ్మను నలుగురు మోసుకొచ్చి పెట్టేస్తారు. మిద్దె మీద పెట్టుకోడానికి ఇంతకన్నా మంచిది లేదు. చూడ్డానికీ చాలా బాగా వస్తాయి, ఎందుకంటే అచ్చు ఒకసారి మంచి శిల్పి చేస్తే చాలు, ఆ తర్వాతవన్నీ దాని నకళ్ళే.

అయితే బరువు తీసేసిన చోట గాలి వచ్చి కూర్చుంటుంది.

భీమిలి వైపు సముద్రానికి ఎదురుగా ఒక ఇంటి ముందు నిలువెత్తు ఫైబరు గుర్రం పెట్టించాను. నా తప్పు కూడా ఉంది, అమ్మినవాడి మాట నమ్మాను. "నాలుగు బోల్టులు చాలండీ, కదలదు" అన్నాడు. తుపాను కూడా కాదు, వేసవిలో సాయంత్రం వచ్చే గాలివాన. పొద్దున్నే ఇంటావిడ ఫోను: "మీ గుర్రం పక్కింటి గోడ దూకేసిందండీ." వెళ్ళి చూస్తే బోల్టులు దిమ్మలో చెక్కు చెదరకుండా ఉన్నాయి, వాటికి అతుక్కుని రెండు గిట్టలు కూడా ఉన్నాయి. మిగతా గుర్రం పక్కవాళ్ళ మామిడిచెట్టు కింద వెల్లకిలా పడి ఉంది. చీలమండల దగ్గర తెగిన చోట వేలు పెట్టి చూశాను. ఫైబరు రెండు మిల్లీమీటర్లు కూడా లేదు. లోపల ఉండాల్సిన ఇనుప గొట్టం పొట్ట దగ్గరే ఆగిపోయింది. అంటే కాళ్ళు ఉత్త తొడుగులు.

ఆ తర్వాత ఒక ఇంజినీరు కుర్రాడి చేత లెక్క వేయించాను. ఇళ్ళు కట్టేటప్పుడు కోడ్ ప్రకారం తీసుకునే గాలి వేగం విశాఖకు సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. హైదరాబాదుకు 44 మీటర్లు. 50 మీటర్ల గాలి ఒక చదరపు మీటరు మీద దాదాపు 150 కిలోల తోపు తోస్తుంది. నిలువెత్తు గుర్రం పక్క నుంచి చూస్తే రెండు చదరపు మీటర్లకు దగ్గరగా ఉంటుంది. అంటే 300 కిలోల తోపు. గుర్రం బరువేమో వందలోపే. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో ఏం మిగిలిందో చూసినవాళ్ళకు ఈ లెక్క వేరే చెప్పక్కర్లేదు.

అందుకని ఫైబరు కొనేటప్పుడు మొహం వైపు కాకుండా కిందికి వంగి చూడండి. గిట్టల అడుగు నుంచి ఇనుప గొట్టం తల కనిపించాలి, అది ఒక ఇనుప ప్లేటుకు వెల్డింగ్ అయి ఉండాలి. ఆ ప్లేటు కాంక్రీటు దిమ్మలో పూడాలి. పొట్ట మీద బొటనవేలితో గట్టిగా నొక్కండి. డబ్బాలా లోపలికి వెళ్ళి పైకి వస్తే వద్దని చెప్పి వచ్చేయండి. పైపూత ఎండకు వెలవెలబోతుంది, మూడు నాలుగేళ్ళకు సుద్దలా చేతికి అంటుతుంది. లోపలి ఫైబరు దారాలు పైకి తేలకముందే మళ్ళీ పెయింటు వేయించాలి. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదన్నట్టు, ఫైబరు గుర్రానికి ఈ పెయింటే దాణా.

ఇంకో మాట. డొల్ల బొమ్మ ఏదైనా సరే, అడుగున నీళ్ళు పోయే కన్నం ఉండాలి, ఆ కన్నానికి సన్న జాలీ ఉండాలి. కన్నం లేకపోతే పొట్టలో నీళ్ళు నిలిచి డెంగీ దోమలు పెరుగుతాయి. జాలీ లేకపోతే కందిరీగలు కాపురం పెడతాయి.

సిమెంటు గుర్రం గురించి పెద్దగా చెప్పేదేం లేదు. హైవే పక్కన రంగులేసి నిలబెట్టి అమ్మేవి ఇవే, అన్నిట్లోకీ చవక. లోపల ఇనుప ఊచ, దాని మీద కోడిజాలీ, దాని మీద సిమెంటు. కాలు సన్నం కాబట్టి ఊచ మీద సిమెంటు పొర అర అంగుళం కూడా ఉండదు. తడి దిగి ఊచ తుప్పు పడుతుంది. తుప్పు అసలు ఇనుముకన్నా ఎన్నో రెట్లు ఉబ్బి సిమెంటును చీలుస్తుంది. సముద్రగాలి తగిలే ఊళ్ళలో ఇది మరీ త్వరగా జరుగుతుంది. కొనాల్సే వస్తే కాళ్ళు లావుగా, మొరటుగా ఉన్నదే ఎంచుకోండి. కాళ్ళ మీద నిలువు చీలికలు గానీ ఎర్రటి మరకలు గానీ కనిపిస్తే అది లోపల జబ్బు పడ్డ గుర్రం. సిమెంటని చెప్పి ప్లాస్టర్ ఆఫ్ పారిస్ అంటగట్టేవాళ్ళూ ఉన్నారు. అడుగున రూపాయి బిళ్ళతో గీయండి. మెత్తగా తెల్లపొడి రాలితే మొదటి వానకే కరుగుతుంది.

చెక్క గుర్రం తోటకు పనికిరాదు. కొండపల్లి గుర్రం ఎంత ముద్దుగా ఉన్నా అది గోడ అలమరలో ఉండాల్సిందే.

లోహం

లంఘించే గుర్రమే కావాలి, తరాలు నిలవాలి, డబ్బుకు వెనకాడం అంటే కంచు. లాగుడును తట్టుకునే గుణం లోహానికే ఉంది. స్పెయిన్ రాజధాని మాడ్రిడ్‌లో నాలుగో ఫిలిప్ రాజు కంచు గుర్రం 1640లో తయారైనప్పటి నుంచి వెనక కాళ్ళ మీదే నిలబడి ఉంది. వెనక భాగం గట్టిగా, ముందు భాగం డొల్లగా పోతపోసి బరువును వెనక్కి లాగారు, తోక కూడా కొంత ఊతమిచ్చింది. రాతిలో ఇది జరిగే పని కాదు.

ఆరుబయట కంచు ఎన్నాళ్ళుంటుందో చూడాలంటే అంత దూరం అక్కర్లేదు. చెన్నై మౌంట్ రోడ్డులో థామస్ మన్రో గుర్రం మీద కూర్చుని ఉంటాడు. మన సీడెడ్ జిల్లాల్లో కలెక్టరుగా చేసి, 1827లో పత్తికొండలో కలరాతో పోయిన ఆ మన్రోనే. 1839లో నిలబెట్టిన ఆ బొమ్మకు సముద్రం కూతవేటు దూరం. ఉప్పుగాలి, ఎండ, ఇప్పుడు బస్సుల పొగ, అన్నీ తిని కూడా గిట్ట దగ్గర సడలలేదు. అన్నట్టు ఆ గుర్రానికి జీనూ లేదు, రికాబులూ లేవు. ఎప్పుడైనా అటు వెళ్తే చూడండి.

మన ఇళ్ళకు వచ్చేసరికి అంగట్లో "బ్రాంజ్ ఫినిష్" అని రాసి ఉంటుంది. అది ఫైబరు మీద పూసిన రంగు, కంచుకూ దానికీ ఏ సంబంధమూ లేదు. అసలు లోహం అయితే కిలోల లెక్కన ధర చెప్తారు, కాటా వేసి చూపిస్తారు. కాటా మాటెత్తితే దాటేస్తున్నాడంటే మీకు అర్థమైపోవాలి. జేబులో చిన్న అయస్కాంతం పెట్టుకెళ్ళండి. ఇత్తడికీ కంచుకూ అంటదు. అంటిందంటే లోపల ఇనుము. అయస్కాంతం ఫైబరుకూ అంటదు కాబట్టి, పక్కనే వేలితో తట్టి మోత కూడా వినండి.

ఆదిలాబాద్ డోక్రా గుర్రాలంటే నాకు ప్రాణం. ఓఝాలు, అంటే అక్కడ ఆ పోతపని చేసేవాళ్ళు, మైనంతో దారాలు దారాలుగా అల్లి, మట్టి పూసి, కాల్చి, మైనం కరిగిపోయిన చోట ఇత్తడి పోస్తారు. ఒక్కో అచ్చుకు ఒక్కటే బొమ్మ. సాధారణంగా అరచేతిలో పట్టేంతవే దొరుకుతాయి గనుక తోట నడుమ పెడితే కనబడవు. వరండాలో తులసికోట గట్టు మీద, కూర్చునే బల్ల పక్కన రాతి మీద పెట్టుకోవాలి. చింతపండుతో తోమి మెరిపించకండి, ఆ మసక రంగే దాని అందం. ఏడాదికోసారి మైనం పాలిష్ పలుచగా రుద్దితే చాలు.

పాత సామాన్ల ఇనుముతో చేసినవి ఈమధ్య బాగా వస్తున్నాయి. సైకిలు గొలుసులు, బేరింగులు, నట్లూ బోల్టులూ వెల్డింగ్ చేసి బొమ్మలు కట్టే శిల్పులు మన తెనాలిలో ఉన్నారు. ఇక్కడ కాళ్ళ చిక్కే లేదు, ఎందుకంటే బొమ్మంతా ఎముకల గూడే. కండ లేకుండా నరాలతో పరిగెత్తుతున్నట్టు ఉంటుంది. లోతట్టు ఊళ్ళలో, హైదరాబాదులో అయితే నిశ్చింతగా కొనండి. సముద్రం దగ్గర వద్దు, సందుల్లోకి బ్రష్షు వెళ్ళదు గనుక తుప్పును ఆపలేరు. తుప్పు నీళ్ళు కారి కింది తెల్ల టైల్సు మీద ఎర్రగా మరకలు పడతాయి, అవి వదలవు. దీన్ని టైల్సు మీద కాకుండా కంకర మీద నిలబెట్టండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే మే నెల ఎండకు ఇనుము ఎలా కాలుతుందో, అంచులు ఎంత పదునుగా ఉంటాయో ఆలోచించుకోండి.

సైజు, చోటు

నిజం గుర్రం వీపు దగ్గరే ఐదడుగులుంటుంది. రెండువందల గజాల స్థలంలో ఇల్లు పోగా మిగిలిన పెరట్లో అంత గుర్రాన్ని పెడితే అది తోట కాదు, గుర్రపుశాల. ఆ చోటుకు దిమ్మ మీద రెండు, రెండున్నర అడుగులది చక్కగా సరిపోతుంది. కొనేముందు పాత అట్టపెట్టెలు కోసి, అతికించి, అదే ఎత్తులో ఒక బొమ్మ నిలబెట్టి నాలుగు రోజులు వదిలేయండి. గేటు తీస్తూ, వంటింటి కిటికీలోంచి, రాత్రి వీధి దీపం వెలుగులో చూడండి. మా కస్టమర్లలో ముగ్గురు అట్ట గుర్రం చూశాకే సైజు తగ్గించుకున్నారు. ఒకాయన పెంచాడు.

వెనక ఏముందో చూసుకోండి. క్రోటన్ల రంగుల ముందు ఏ గుర్రమూ కనబడదు. నల్లరాయికి లేత వెదురు, మట్టికి ముదురు పచ్చని కామినీ కంచె, తెల్లదానికి ఏదైనా చిక్కటి నీడ.

మిద్దె మీదైతే బరువే నిర్ణయిస్తుంది. జనం తిరిగే మిద్దెకు మామూలుగా చదరపు మీటరుకు 150 కిలోల భారం లెక్కన డిజైను చేస్తారు. అందులో మీ కుండీలూ మట్టీ నీళ్ళూ ఇప్పటికే ఎంత తినేశాయో చూసుకోండి. ఫైబరో, చిన్న మట్టి గుర్రమో పెట్టుకుని, అది కూడా కింద దూలం ఉన్నచోట పెట్టండి. ఫైబరైతే పిట్టగోడకు దూరంగా ఉంచాలి, కారణం పైన చెప్పాను.

దిక్కుల సంగతి నన్నడక్కండి. మీ ఇంటి సిద్ధాంతిగారు ఎటు చెప్తే అటు తిప్పి పెడతాను. గేటు తీయగానే పిర్రలు కనబడేలా మాత్రం ఏ సిద్ధాంతీ చెప్పడనుకుంటాను.

ఇంతకీ ఏది కొనాలంటే నేను చెప్పేది ఇది. సముద్రం దగ్గరైతే నల్లరాయి, స్తోమతుంటే కంచు. లోతట్టు ఊళ్ళలో కాస్త నీడ ఉన్న పెరడైతే మట్టి. ఫంక్షన్ హాలు ముందో రిసార్టు గేటు దగ్గరో దూరం నుంచి కనబడాలంటే ఫైబరు, కానీ ఇనుము గిట్ట దాకా దిగినదే. డబ్బు తక్కువగా ఉంటే పెద్ద సిమెంటు గుర్రం బదులు చిన్న మట్టి గుర్రం కొనండి. ఇందులో నాకు రెండో మాట లేదు.

దించేరోజు మీరు ఇంట్లో ఉండండి. కూలీలు ఎప్పుడూ చేతికి అందినదే పట్టుకుంటారు, అంటే చెవులు, తోక, కాళ్ళు. పాంచ్‌ముడా గుర్రమైతే చెవులూ తోకా ముందే ఊడదీసి వేరే గుడ్డలో చుట్టి పెట్టండి. రాతిదైతే పొట్ట కింద నుంచి రెండు వెడల్పాటి పట్టీలు, మెడకు తాడు వేయకూడదు. లారీ నుంచి దిగేచోట రెండు పాత టైర్లు వేయించండి. మాస్టారి గుర్రం దించిన రోజు ఆయన కుర్చీ తెచ్చుకుని గేటు దగ్గర కూర్చున్నారు. ఒక కుర్రాడు వెనక కాలు మీద చెయ్యి వేయగానే చేతికర్ర ఎత్తి, "ఆ కాలొదిలేయ్! పొట్ట పట్టుకో, పొట్ట!" అని అరిచారు.